ఎడమ పక్క సీటు: ఒక లారీ డ్రైవరు, ఒక చిన్న నవల

విజయవాడలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆటోనగర్‌కు దగ్గర కావడంతో నా దగ్గరికి వచ్చేవారిలో లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, బాడీ కట్టే పనివారు, వారి ఇళ్లవారు ఎక్కువ. ఈ కేసు ఆయన అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని ఆనవాలు పట్టగల వివరాలన్నీ మార్చాను. రాసింది ఆయనకు చదివి వినిపించాను కూడా. రెండు చోట్ల దిద్దించారు.

ఆయనకు 47 ఏళ్లు. ఇరవై ఏళ్లు దాటింది స్టీరింగ్ పట్టి. రాత్రిపూట బండి నడుపుతున్నప్పుడు ఛాతీ బిగుసుకుపోవడం, గుండె దడ, ఇంటికి వచ్చాక కూడా నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గిపోవడం ఆయన బాధలు. రెండుసార్లు ఈసీజీ, ఒకసారి ఎకో తీశారు. గుండెలో లోపం ఏమీ లేదని తేలాక ఫిజీషియన్ చీటీ రాసి నా దగ్గరికి పంపారు. భార్య వెంట వచ్చారు. చెప్పవలసినవన్నీ ఆమే చెప్పింది. ఆయన టేబుల్ మీది పేపర్‌వెయిట్‌ను తిప్పుతూ కూర్చున్నారు.

డిప్రెషన్ తీవ్రత చూసే పీహెచ్‌క్యూ-9లో ఆయనకు 27కు 15 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాని దగ్గర ఆయన ఆగారు. చనిపోవాలని లేదన్నారు. కానీ ఒక రాత్రి చిలకలూరిపేట దాటాక, ముందు వెళ్తున్న ట్యాంకరును చూస్తూ, ఇప్పుడు బ్రేకు తొక్కకపోతే ఏమవుతుంది అనిపించిందట. ఆ మాట భార్య ముందు అనలేదు, ఆమెను బయట కూర్చోమన్నాక అన్నారు. అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించాం, మందు మొదలైంది. ఆయన ఒప్పుకున్నాక భార్యకు చెప్పాం. మందు సర్దుకునేదాకా రాత్రి ట్రిప్పులు వద్దన్నాం. 14416 నంబరుకు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చని చెప్పి ఆయన ఫోనులో నేనే ఎక్కించాను.

ఇంతవరకు నాకు కొత్త ఏమీ లేదు. రెండోసారి వచ్చినప్పుడు మాత్రం ఒక మాట నా చెవిన పడింది. ఆయన తన ట్రిప్పుల గురించి చెబుతున్నారు. "సాయంత్రం లోడు ఎత్తుకుని మేము బయలుదేరాం. సూర్యాపేటలో మేము టీ తాగాం. తెల్లవారేసరికి మేము అన్‌లోడు పాయింటుకు చేరాం." అప్పటికే ఆయన ఒంటరిగా నడుపుతున్నారని భార్య చెప్పి ఉంది.

"మేము అంటే ఎవరెవరండీ?" అని అడిగాను.

పేపర్‌వెయిట్ ఆగిపోయింది. "నేనొక్కడినే అమ్మా," అన్నారు.

అప్పుడు క్లీనరు సంగతి బయటికి వచ్చింది. పంతొమ్మిదేళ్లు ఒకే క్లీనరు. ఆయనకన్నా ఆరేడేళ్లు చిన్నవాడు, "అన్నా" అని పిలిచేవాడు. పట్టా కట్టడం, తాళ్లు బిగించడం, ఆగిన చోటల్లా టైర్లు కొట్టి చూడడం, అద్దం తుడవడం, స్టవ్వు వెలిగించి అన్నం వండడం అతని పని. వీటన్నిటికన్నా పెద్ద పని, తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు దాకా డ్రైవరుకు రెప్ప పడకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండడం. బండి వెనక్కి తీసేటప్పుడు అతను దిగి వెనక నిలబడి బాడీ మీద అరచేత్తో కొట్టేవాడు. వాళ్లిద్దరి లెక్కలో రెండు దెబ్బలంటే రావచ్చని, ఒకటంటే ఆగమని. ఆ లెక్క చెబుతూ ఆయన నా టేబుల్ మీద కొట్టి చూపించారు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి.

రెండేళ్ల క్రితం యజమాని క్లీనరును తీసేశారు. ఇందులో ఆ ఒక్క యజమానిదే తప్పని నేను అనను. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి, కాగితాలు పట్టుకుని పరుగెత్తే పని పోయింది. జాతీయ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను 2018లో తీసేశారు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో టోలు గేటు దగ్గర చిల్లర లెక్కపెట్టే పనీ పోయింది. ఇలా ఒక్కొక్క పనీ జారిపోయాక మిగిలింది ఆ రాత్రి మాటలే. వాటికి జీతం కట్టే పద్దు ఏ పుస్తకంలోనూ లేదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకు ఎనిమిది గంటల పని అని అందులో రాశారు. ఈయన పద్నాలుగు గంటలు నడిపిన రోజులు ఉన్నాయి.

ఎడమ పక్క సీటులో ఇప్పుడు ఏముంటుందని అడిగాను. దుప్పటి మడత, దాని మీద క్లీనరు వదిలి వెళ్లిన తువ్వాలు. రెండేళ్లుగా అలాగే ఉంది. ఉతకలేదు.

పుస్తకం ఎందుకు

అవసరం అనిపించినప్పుడు కథలను చికిత్సలో వాడతాను. తన గురించి నేరుగా చెప్పుకోలేని మనిషి పరాయి మనిషి గురించి ధారాళంగా మాట్లాడతాడు. ఈయన చదువు ఐదో తరగతితో ఆగింది. అందుకని పుస్తకం చేతికి ఇవ్వకుండా, ప్రతిసారీ చివరి పావుగంట నా మాటల్లో తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాను. జాన్ స్టెయిన్‌బెక్ రాసిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ ఎంచుకున్నాను. 1937లో వచ్చిన నవల, ఆరే అధ్యాయాలు. గురువారం సాయంత్రం మొదలై ఆదివారం సాయంత్రానికి ముగుస్తుంది.

నేను ఎంచుకున్న కారణం అప్పుడు నాకు చాలా స్పష్టంగా ఉంది. ఆర్థిక మాంద్యం రోజులు. 1933 నాటికి అమెరికాలో పనిచేయగలవారిలో దాదాపు నాలుగో వంతుకు పని లేదు. కాలిఫోర్నియా పొలాల వెంట కూలి కోసం తిరిగే మనుషుల్లో ఇద్దరు, జార్జ్, లెన్నీ. లెన్నీది కొండంత బలం, పసివాడి బుద్ధి. జార్జ్ అతన్ని చూసుకుంటాడు, విసుక్కుంటాడు, వదలడు. ఇద్దరు మగవాళ్లు కలిసి తిరగడం ఆ పొలంలో అందరికీ వింతే. వీడి జీతం నువ్వు కాజేస్తున్నావా అని యజమాని జార్జ్‌ను అనుమానిస్తాడు. కథ జరిగే చోటికి దగ్గరలోని ఊరు సొలెడాడ్. స్పానిష్‌లో ఆ పేరుకు ఒంటరితనం అని అర్థం. తోడు అలవాటై, ఆ తోడు పోయిన డ్రైవరుకు ఈ ఇద్దరి స్నేహం తగులుతుందని అనుకున్నాను.

అది తగిలింది కానీ నేను అనుకున్న చోట కాదు.

మొదట డబ్బు దగ్గర పట్టుకున్నారు. సొంత భూమి కొనుక్కుని, కుందేళ్లు పెంచుకుంటూ, ఎవరూ పొమ్మనలేని ఇంట్లో ఉండాలని ఆ ఇద్దరి కల. ఆ భూమి ధర ఆరు వందల డాలర్లు, కూలి నెలకు యాభై అని చెప్పగానే వేళ్లు మడిచారు. "ఇద్దరూ ఆరు నెలలు పైసా ఖర్చు పెట్టకపోతే వచ్చేస్తుంది." తర్వాత వారం పొలంలో చెయ్యి పోగొట్టుకున్న ముసలి క్యాండీ కథలోకి వచ్చాడు. చెయ్యి పోయినందుకు ఇచ్చిన పరిహారం, దాచుకున్నది, రాబోయే జీతం కలిపి మూడు వందల యాభై ఇస్తాను, నన్నూ కలుపుకోండి అని అతను అడుగుతాడు. "అయితే ఇక రెండున్నర నెలలే," అన్నారు ఈయన వెంటనే. ఆ పూట ఆయన ముఖంలో వెలుగు చూశాను. తనూ ఒకప్పుడు క్లీనరుతో కలిసి పాత మినీ లారీ ఒకటి కొనాలనుకున్నారట. చీటీ కూడా కట్టారు. క్లీనరు తండ్రి ఆపరేషన్‌కు ఒకసారి, ఈయన పెద్దమ్మాయి పెళ్లికి ఒకసారి ఆ చీటీ పాడుకోవలసి వచ్చింది.

క్రూక్స్ అనే పాత్ర మీద నాకు చాలా ఆశ ఉండేది. నల్లజాతివాడు కాబట్టి గుర్రాల సామాను గదిలో ఒక్కడినే పడుకోబెడతారు. పుస్తకాలు ఉన్నాయి కానీ మనిషికి మాట్లాడే మనిషి కావాలి, లేకపోతే పిచ్చెక్కుతుందని లెన్నీతో అంటాడు. క్యాబిన్‌లో ఒంటరిగా కూర్చునే మనిషికి ఇంతకన్నా దగ్గరి మాట ఉంటుందా అనుకున్నాను. ఈయన విని తల ఊపారు, అంతే. "ఆయనకు ఎవరూ లేరు కాబట్టి బాధ. నాకు ఉండి పోయాడు. రెండూ వేరు కదమ్మా," అన్నారు. ఒంటరితనాన్ని ఒకే ముద్దగా చూడడం ఆ రోజుతో మానుకున్నాను.

ఆ రాత్రి గదిలో

ఇక్కడ వరస కొంచెం వెనక్కి తిప్పాలి. క్రూక్స్ గది నాలుగో అధ్యాయంలో వస్తుంది. అసలు మలుపు మూడో అధ్యాయంలో ఉంది. దాన్ని నేను చెప్పిన తీరులో పొరపాటు ఉంది.

క్యాండీకి ఒక ముసలి కుక్క. కూనగా ఉన్నప్పటి నుంచి అతనితోనే ఉంది, ఒకప్పుడు గొర్రెల్ని బాగా కాసింది. ఇప్పుడు కళ్లు కనిపించవు, పళ్లు లేవు, కంపు కొడుతోంది. కార్ల్‌సన్ అనే కూలీ దాన్ని కాల్చేస్తానంటాడు. క్యాండీ రేపు చూద్దాం అంటాడు, కూన నాటి నుంచి పెంచుకున్నాను అంటాడు. ఆఖరికి ఆ గదిలో అందరూ గౌరవించే స్లిమ్ వైపు చూస్తాడు. వద్దు అని స్లిమ్ ఒక్క మాట అంటే చాలు. స్లిమ్ అనడు. నేను ముసలివాడినై కుంటివాడినైతే నన్నూ ఎవరైనా కాల్చేస్తే బాగుండునని అంతకు ముందే అని ఉన్నాడు. కుక్కను బయటికి తీసుకెళతారు. గదిలో దీపం, పేకముక్కలు, మనుషులు. ఎవరో ఏదో మాట మొదలుపెడతారు, అది ఆగిపోతుంది. చప్పుడు ఎప్పుడు వినిపిస్తుందా అని అందరూ చెవులు అక్కడే పెట్టి ఉంటారు. తుపాకి పేలుతుంది. క్యాండీ గోడ వైపు తిరిగి పడుకుంటాడు.

నాలుగో సెషన్‌లో ఇంతవరకు చెప్పాను. సమయం అయిపోయింది. బయట మరో కుటుంబం ఎదురుచూస్తోంది. "మిగతాది వచ్చే వారం," అన్నాను. ఆయన లేచి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

వచ్చే వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఫోను చేస్తే భార్య ఎత్తింది. రాయ్‌పూర్ ట్రిప్పుకు వెళ్లారు, అన్నం సరిగా తినడం లేదు, మళ్లీ ఎవరితోనూ మాట్లాడడం లేదు అంది. బ్రేకు తొక్కకపోతే అన్న ఆ మాట నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. బరువైన ఘట్టం తర్వాత మాట్లాడుకోవడానికి సమయం ఉంచకుండా కథ ఆపకూడదు. ఇది మా పనిలో మొదటి పాఠం. నాకు తెలియక కాదు, గడియారం చూసి తప్పాను. సైకియాట్రిస్టుకు చెప్పాను. రోజూ రాత్రి తొమ్మిదింటికి భర్తతో ఫోనులో మాట్లాడమని ఆమెను అడిగాను. రోడ్డు మీద ఉంటే బండి పక్కన ఆపాకే ఎత్తాలన్నాను.

మూడు వారాల తర్వాత ఆయన ఒక్కరే వచ్చారు. కూర్చోకుండానే అడిగారు.

"ఆ గదిలో అంతమంది ఉన్నారు కదమ్మా. ఎవరూ ఏమీ అనలేదా?"

"అనలేదండీ."

"ఒక్కరూ?"

"ఒక్కరూ అనలేదు."

అప్పుడు కూర్చున్నారు. చాలాసేపటికి, "నేనూ అనలేదు," అన్నారు.

యజమాని ఆఫీసు. బల్ల మీద డీజిల్ బిల్లుల కట్ట. యజమాని మర్యాదగానే అడిగారట, "ఇద్దరికి జీతం, బత్తా ఇవ్వలేకపోతున్నాను. వాడు లేకుండా నువ్వు లాగగలవా?" అని. క్లీనరు గుమ్మంలోనే ఉన్నాడు. అప్పుడే బండి కడిగి వచ్చాడు, చేతిలో బకెట్టు, మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఈయన చిన్నమ్మాయికి ఆ నెలలోనే కాలేజీ ఫీజు కట్టాలి. లాగలేను అంటే తననూ మార్చేస్తారేమోనన్న భయం. "మీ ఇష్టం సార్," అన్నారు. రెండే సెకన్లు. క్లీనరు ఆయన వైపు చూశాడు. ఏమీ అనలేదు. బకెట్టు బోర్లించి, అద్దం తుడిచి, సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

"ఆ ముసలాయన ఆ పెద్దమనిషి వైపు చూశాడన్నారు కదా. అలాగే చూశాడమ్మా నన్ను."

రెండేళ్లలో ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. భార్యతో కూడా. ఆ గది గురించి ఆయన అడగకపోతే నేనూ దీన్ని తోడు లేని బాధ అనే ఫైలులో రాసి ఉండేదాన్ని. బాధ తోడు పోవడంలో కొంతే ఉంది. అన్ని ట్రిప్పులకూ మేము, మేము అని చెప్పిన మనిషి ఆ పూట జరిగింది చెప్పేటప్పుడు మాత్రం నేను అన్నారు.

ఈ నవలను ఇద్దరి స్నేహ కథగా చెప్పడం మామూలు. నేనూ అలాగే చదివాను, అలాగే మొదలుపెట్టాను. ఈ కేసు తర్వాత నాకు ఆ కుక్క రాత్రే నవలకు నడిబొడ్డుగా కనిపిస్తోంది. ఆ గదిలో ఎవరూ దుర్మార్గులు కారు. స్లిమ్ మంచివాడు. పనికిరానిది ఉండకూడదన్న సూత్రం కిందే అందరూ బతుకుతున్నారు, రేపు అది తమ మీదికి వస్తుందనీ తెలుసు. క్యాండీకి మరీ బాగా తెలుసు, ఊడ్చే పని కూడా చేతకాని రోజున తననూ వెళ్లగొడతారని పైకే అంటాడు. కష్టం మనిషి నోట్లో నుంచి మొదట తీసుకుపోయేది వద్దు అనే ఆ ఒక్క మాటే. క్యాండీ తర్వాత జార్జ్‌తో, కుక్కను నేనే కాల్చి ఉండవలసింది, పరాయివాడి చేత కాల్పించకూడదు అంటాడు. ఇది చెప్పినప్పుడు ఈయన అన్న మాట నా నోట్సులో ఉంది: "పొమ్మనడమే తప్పదనుకుంటే నేనే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పవలసింది. సార్‌తో చెప్పించాను."

ముగింపు చెప్పాలా, వద్దా

నవల చివర ఏమవుతుందో తెలిసినవారికి నా సంకోచం అర్థమవుతుంది. లెన్నీ తెలియక ఒక ప్రాణం తీస్తాడు. గుంపు తరుముకొస్తుంది. వారి చేతికి చిక్కకముందే జార్జ్ కార్ల్‌సన్ తుపాకితోనే, కుందేళ్ల కల చెబుతూ చెబుతూ, స్నేహితుడిని వెనక నుంచి కాలుస్తాడు. చావు ఆలోచన ఒకసారి వచ్చి వెళ్లిన మనిషికి ఇది చెప్పవచ్చా? కథ చివర బాగుండదని మొదట్లోనే చెప్పి ఉంచాను. సగంలో ఆపేస్తే ఆయన ఇంకెవరినైనా అడిగి తెలుసుకుంటారు, అప్పుడు నేను పక్కన ఉండను. సైకియాట్రిస్టుతో మాట్లాడాను. వరసగా నాలుగు సెషన్లలో చావు ఆలోచన లేదని చూసుకున్నాను. తొమ్మిదో సెషన్‌ను ఉదయం మొదటి గంటకు మార్చి, గంటన్నర కేటాయించి, భార్యను బయట ఉండమని చెప్పి, మొత్తం చెప్పాను.

ఆయన ఏడవలేదు. "ఆ రాత్రి ఆయన ఎక్కడ పడుకున్నాడు?" అని అడిగారు.

పుస్తకంలో అది లేదు. స్లిమ్ జార్జ్ పక్కన చాలా దగ్గరగా వచ్చి కూర్చుంటాడనీ, అతన్ని లేపి రోడ్డు వైపు వెంట తీసుకెళతాడనీ చెప్పాను. ఈ ఇద్దరికీ ఏమైందని వెనక కార్ల్‌సన్ అడిగే ప్రశ్నతో నవల ముగుస్తుంది.

"ఒకడు వెంట వెళ్లాడు, అది నయం," అన్నారు. కాసేపటికి, "కానీ ఆయన చేసింది నేను ఒప్పుకోను. పారిపోవడానికి ఒక రాత్రి ఉంది కదా. లారీ వాడినైతే ఎక్కించుకుని రాష్ట్రం దాటించేవాడిని," అన్నారు. సాహిత్యం చదువుకున్నవారు దీనితో వాదిస్తారు. నేను వాదించలేదు. ట్యాంకరును చూస్తూ బ్రేకు గురించి ఆలోచించిన మనిషి ఇంకో దారి ఉందని గట్టిగా అంటున్నారు. అది రాసుకున్నాను.

తర్వాత

క్లీనరుకు ఫోను చేయాలని ఆయనే అన్నారు. నేను తొందరపెట్టలేదు. మొదటి మాట ఏమిటన్నది రెండు సెషన్లు పట్టింది. క్షమించు అనే మాట ఆ ఇద్దరి మధ్య పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ రాలేదు, కొత్త చొక్కాలా బిగుతుగా ఉందన్నారు. చివరికి "నీ తువ్వాలు నా దగ్గరే ఉంది" అని మొదలుపెడతానన్నారు.

ఫోను చేశారు. ఆ మాట అననే లేదట. అటు నుంచి, "ఎక్కడున్నావు అన్నా? అన్‌లోడు అయిందా?" అని వినిపించింది, రెండేళ్లు మధ్యలో లేనట్టు. అతను ఇప్పుడు గొల్లపూడి దగ్గర ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. ఈయన ఆఫీసు సంగతి ఎత్తబోతే, "మోటారు ఆపాలి, ట్యాంకు నిండిపోయింది," అని పెట్టేశాడు. మరోసారి ఎత్తినా అంతే, ఏదో పని. అతను మన్నించాడని నేను రాయలేను. ఆ మాట వినడానికి అతను సిద్ధంగా లేడు. అది అతని హక్కు. ఈ సంగతి ఈయనకు చెప్పినప్పుడు బాధపడ్డారు, ఒప్పుకున్నారు.

ఏడు నెలల్లో పద్నాలుగు సెషన్లు జరిగాయి. చివరిసారి పీహెచ్‌క్యూ-9 ఏడుకు దిగింది. నిద్ర ఐదారు గంటలు పడుతోంది. మందు ఇంకా నడుస్తోంది, దాన్ని తగ్గించే నిర్ణయం సైకియాట్రిస్టుది. ఘాట్ రోడ్డు మీద ఛాతీ బిగుసుకోవడం పూర్తిగా పోలేదు. క్యాబిన్‌లో ఆయన ఇప్పటికీ ఒంటరే. మనిషికి మనిషిని చీటీ మీద రాసి ఇచ్చే అధికారం నాకు లేదు. ఈ రోడ్డు మీద నేను చూసే చాలా గుండెదడలకు అసలు మందు అదేనని తెలిసి కూడా ఊపిరి వ్యాయామం నేర్పి పంపుతున్నాను.

చివరి సెషన్‌లో హైదరాబాద్ ట్రిప్పు గురించి చెప్పారు. "రాత్రి నేను లోడు దించుకుని బయలుదేరాను. కోదాడ దగ్గర నేను గంటసేపు పడుకున్నాను. తెల్లవారుజామున గొల్లపూడిలో పక్కకు ఆపి ఫోను చేశాను. డ్యూటీ దిగి వచ్చాడు. టీ కొట్టు ముందు జాగా ఇరుకు, బండి వెనక్కి తీయాలి. నేను అడగలేదమ్మా, వాడే వెనక్కి వెళ్లాడు." టేబుల్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టారు, కాస్త ఆగి ఒకటి. "తర్వాత మేము టీ తాగాం."